పొట్టంగి దుంపల బస్తా: ఎప్పుడు తవ్వాలి, ఎన్నాళ్ళు దాచాలి

ప్రశ్న: మేం ఒడిశాలోని రాయగడలో ఉంటాం. మా ఆడపడుచు వాళ్ళది కొరాపుట్ కొండల్లో పొట్టంగి దగ్గర ఊరు. వానాకాలంలో కొండవాలు మీద బంగాళాదుంప వేస్తారు. ఏటా దసరా ముందు మాకొక బస్తా పంపిస్తుంది. ఈ ఏడు ధర బాగుందని రెండు నెలలు దాటగానే కొన్ని మడులు తవ్వేశారు. మాకు వచ్చినవీ వాటిలోవే. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడిపోతోంది. లేత దుంపలోనే బలమని అత్తగారు, ముదిరితే గానీ సారం పట్టదని మా వారు. ఇద్దరిలో ఎవరిది నిజం? కిందటేడు బస్తా సంక్రాంతికల్లా ముడతలు పడి మొలకలొచ్చాయి, కొన్ని పచ్చబడ్డాయి. అంతకాలం దాచిన దుంపలో అసలు పోషకాలు మిగులుతాయా? బజార్లో కొనే బెంగాల్ దుంపేమో తియ్యగా ఉంటోంది, వేపుడు చేస్తే నల్లబడుతోంది. మామగారికి షుగర్ ఉంది, ఆ తీపి చూస్తే నాకు టెన్షన్. మా బాబుకి ఆరేళ్ళు, దుంప లేనిదే ముద్ద దిగదు. మొలకలొచ్చినవాటిని ఆడపడుచు విత్తనానికి వాడుకోవచ్చా?
ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు:

అమ్మా, మీ అత్తగారు, మీవారు ఇద్దరూ చెప్పింది సగం సగం నిజం. ఎవరి సగం ఏదో తెలియాలంటే, దుంప మట్టిలో ఉండగా ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

నాటిన నెల, నెలన్నరకి మట్టిలో ఉన్న కాండం నుంచి వచ్చే తెల్లటి తీగల చివర దుంప కట్టడం మొదలవుతుంది. అప్పటినుంచి ఆకు పగలు తయారుచేసే చక్కెర కాండం గుండా కిందికి దిగుతుంది, దుంపలో పిండిగా మారి నిలవ ఉంటుంది. కాబట్టి లేత దుంపలో నీళ్ళెక్కువ, ఇంకా పిండిగా మారని చక్కెర కొంత ఎక్కువ, పిండి తక్కువ. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఈ పని సాగుతూనే ఉంటుంది. ఆకు తనంతట తాను పసుపు తిరిగి వాలిపోయేసరికి పిండి నిండుతుంది, తొక్క గట్టిపడుతుంది. అరవై రోజుల దుంప ఉడికిస్తే జిగటగా, నీరునీరుగా ఉండటానికీ, ముదిరిన దుంప పొడిపొడిగా విడిపోవడానికీ కారణం ఇదే. సారం అంటే పిండి అనుకుంటే మీవారిదే నిజం.

మీ అత్తగారి మాట విటమిన్ సి విషయంలో నిజమవుతుంది. దుంప ఎదుగుతున్న రోజుల్లో అది బాగానే ఉంటుంది. ఆకు ఎండాక కొద్దిగా తగ్గుతుంది. తవ్వి దాచాక ఇంకా వేగంగా తగ్గుతుంది. అప్పుడే తవ్విన దుంపలో వంద గ్రాములకి ఇరవై నుంచి ముప్ఫై మిల్లీగ్రాముల దాకా ఉంటే, మూడు నాలుగు నెలలకి అది సగానికి పడిపోతుంది. ఎనిమిది నెలలు దాటితే పది కూడా ఉండదు. మొదటి నెలల్లోనే ఎక్కువ పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మాంసకృత్తుల సంగతి వేరు. లేతదైనా ముదురుదైనా వంద గ్రాములకి సుమారు రెండు గ్రాములే, దాని గురించి ఇద్దరూ వాదించుకోనక్కర్లేదు.

మీ ఇంటికి వచ్చిన దుంప ఎంత లేతదో తెలుసుకోవడానికి తొక్క పరీక్ష ఒకటి మీరే చేశారు. ఇంకొకటి ఉంది. ఒక చిన్న కప్పు మెత్తటి ఉప్పుని అదే కప్పుతో పదకొండు కప్పుల నీళ్ళలో పూర్తిగా కరిగించండి. దుంప వేసి చూడండి. పిండి నిండినది మునుగుతుంది, నీరు ఎక్కువున్నది తేలుతుంది. మునిగింది ఆలూ చకటాకి (ఉడికించి మెదిపిన దుంప), పూరీ కూరకి బాగుంటుంది. తేలింది ముక్క విడిపోకుండా ఉండాల్సిన కూరలకి, దాల్మాలోకి (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) మంచిది. ఒకే మడిలోవి కూడా కొన్ని తేలతాయి, కొన్ని మునుగుతాయి. నాలుగైదు దుంపలతో చూస్తే బస్తా సంగతి తెలిసిపోతుంది.

మీ ఆడపడుచు వాళ్ళకి నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది ఒకటుంది. ఆకు ఎండిపోవడం రెండు రకాలు. పంటకాలం నిండి పసుపు తిరిగి వాలిపోవడం ఒకటి. వానల్లో లేట్ బ్లైట్ అనే తెగులు తగిలి, ఆకు మీద నీళ్ళలో నానినట్టు మచ్చలొచ్చి, కొద్ది రోజుల్లోనే మడి మడంతా మాడిపోవడం రెండోది. కొరాపుట్ కొండల మీద వానాకాలం పంటకి ఈ రెండోది బాగా తెలిసిన కష్టమే. అలా మాడిన మడిలో పైన చూస్తే పంట అయిపోయినట్టే ఉంటుంది, కింద దుంప మాత్రం ఇంకా పచ్చిదే. ఆకు పోయింది కాబట్టి ఇక పిండి దిగదు. అలాంటివి దాచడానికి పనికిరావు. మచ్చపడినవి ఏరేసి, మిగిలినవి వెంటనే తినేయడమో అమ్మేయడమో చేయాలి.

ఆరోగ్యంగా ఉన్న మడిని మాత్రం తొందరపడి తవ్వొద్దనండి. ధర కోసం సగం ముందు తవ్వినా, ఇంటికి ఉంచుకునే సగాన్ని కాలం నిండనివ్వాలి. ఎక్కువమంది వేసే కుఫ్రీ జ్యోతి రకానికి మూడు నెలలు దాటాలి. ఇది 1968లో విడుదలైన రకం, ఇప్పటికీ నిలిచింది. కాలం నిండాక పైన కాండం కోసేసి, పది పదిహేను రోజులు దుంపని మట్టిలోనే ఉంచి తవ్వితే తొక్క బిగుస్తుంది. ఆ రోజుల్లో వాన పట్టేసి మడిలో నీళ్ళు నిలిస్తే మాత్రం ఆగొద్దు, కుళ్ళిపోతాయి. యూరియా సంగతీ చెప్పండి. నాటేటప్పుడు కొంత, మట్టి ఎగదోసేటప్పుడు కొంత వేస్తే చాలు. ఆ తర్వాత కూడా చల్లుతూ పోతే ఆకు పచ్చగా కళకళలాడుతుంది గానీ దుంప ముదరదు, నీరు పట్టి ఉంటుంది. మట్టి ఎగదోయడం బద్ధకించకూడని పని. వానకి మట్టి జారి దుంప బయటపడితే, ఆ ఎండకి మడిలోనే పచ్చబడుతుంది.

ఇప్పుడు బస్తా మీ ఇంటికొచ్చాక.

తవ్విన దుంప ప్రాణంతోనే ఉంటుంది. ఊపిరి తీసుకుంటూ, తనలోని చక్కెరని కొద్దికొద్దిగా ఖర్చుచేసుకుంటూ, నీళ్ళు వదులుతూ ఉంటుంది. వేడి పెరిగితే ఊపిరి పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. తొక్క ఊడిపోయే లేత దుంప నీటిని ఇంకా తొందరగా వదిలేస్తుంది. అందుకని ఈ ఏడు వచ్చిన బస్తాని దాచాలని చూడకండి. వారం పది రోజుల్లో వాడుకోగలిగినంత ఉంచుకుని, మిగిలినవి ఇరుగుపొరుగుకి పంచండి. కొత్త దుంప రుచికి అదే తగిన మర్యాద కూడా.

రెండో విడతగా ముదురు దుంప వస్తే, దాన్ని దాచే పద్ధతి వేరు. తవ్విన చోటే నీడలో, గాలి ఆడేచోట నడుము ఎత్తు మించకుండా కుప్ప పోసి, పైన గడ్డి కప్పి పది పదిహేను రోజులు ఉంచాలి. తవ్వేటప్పుడు పడ్డ గాట్లు ఆ రోజుల్లో మానిపోతాయి. పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వేడి దానికి సరిపోతుంది, పొట్టంగి వైపు అక్టోబరులో అందుకు దగ్గరగానే ఉంటుంది. కడగకూడదు. మట్టి అంటుకుని ఉన్నా ఫర్వాలేదు, ఆరాక చేత్తో దులపాలి. గాటు పడినవి, మెత్తబడినవి అప్పుడే ఏరేయాలి.

ఆ తర్వాత బస్తా మొత్తం ఒకేసారి రాయగడ దింపించుకోకండి. బంగాళాదుంప తవ్వాక సుమారు రెండు నెలలు నిద్రలో ఉంటుంది. చల్లగా ఉంటే ఇంకొన్నాళ్ళు పడుకుంటుంది, వెచ్చగా ఉంటే త్వరగా లేస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో పొట్టంగి, సెమిలిగూడ రాత్రులు ఎంత చలిగా ఉంటాయో మీకు నేను చెప్పాలా! కింద రాయగడలో అంత చల్లదనం ఉండదు. సగం ఆడపడుచు ఇంట్లోనే, చీకటి గదిలో వెదురు బుట్టల్లో ఉంచమనండి. పుష్యమాసంలో ఎవరైనా వస్తూ పోతూ ఉంటే వాళ్ళ చేత తెప్పించుకోండి. మీ ఇంట్లో ఉంచే సగాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, గాలాడక చెమ్మ పట్టి కుళ్ళుతుంది. గోనె సంచి మూతి విప్పి, ఇటుకల మీద చెక్క వేసి దాని మీద పెట్టండి. పొయ్యి పక్కన, రేకు కింద అటక మీద వద్దు. ఉల్లిపాయల బుట్టలోనూ కలపొద్దు. దుంప వదిలే చెమ్మకి ఉల్లి పాడవుతుంది. వారానికోసారి చేత్తో తిరగేసి, వాసన వచ్చేదాన్ని తీసేయండి. ఒక్కటి కుళ్ళితే పక్కవాటికి ఎంత వేగంగా పాకుతుందో మీకు తెలుసు.

ఇలా దాచిన దుంపలో ఏం మిగులుతుందంటే, దాదాపు అన్నీ మిగులుతాయి. పొటాషియం ఎక్కడికీ పోదు. ఇనుము, మెగ్నీషియం, పీచు అలాగే ఉంటాయి. పిండి కొంత ఖర్చవుతుంది గానీ, నీళ్ళూ ఆవిరవుతాయి కాబట్టి తూకానికి తూకం పెద్ద తేడా కనబడదు. బి6 విటమిన్ తగ్గదు. గట్టి దెబ్బ పడేది విటమిన్ సి కే. దానికి మీరు బెంగపడక్కర్లేదు. ఒక జామకాయలో వంద గ్రాములకి రెండు వందల మిల్లీగ్రాముల పైమాటే ఉంటుంది. బాబుకి రోజూ నాలుగు జామముక్కలు పెట్టినా, పప్పులో నిమ్మకాయ పిండినా, దుంప పోగొట్టుకున్నది తిరిగొచ్చేస్తుంది. వంటలో మాత్రం ఉన్న కాస్తా పోకుండా చూడండి. తొక్కతోనే ఉడికించి, తర్వాత ఒలవండి. ముందే తరిగి నీళ్ళలో వేసి గంటలు గంటలు ఉంచితే విటమిన్ సి ఆ నీళ్ళలోకి దిగి, పారబోతల్లో పోతుంది.

నిజంగా భయపడాల్సింది పచ్చబడిన దుంపకి. ఈ విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి, ఇంట్లో పిల్లాడున్నాడు.

వెలుతురు తగిలితే దుంప తొక్క కింద పచ్చరంగు పడుతుంది. ఆ పచ్చరంగుతో అపాయం లేదు, అది ఆకుల్లో ఉండే పత్రహరితమే. అయితే అదే వెలుతురుకి సొలనిన్, చాకొనిన్ అనే చేదు విషపదార్థాలు కూడా దుంపలో పెరుగుతాయి. మామూలు దుంపలో ఇవి కొద్దిగా ఉంటాయి, అంతవరకు ఇబ్బంది లేదు. కిలో దుంపలో రెండు వందల మిల్లీగ్రాములు దాటితే తినకూడదని శాస్త్రజ్ఞులు పెట్టుకున్న హద్దు. ఉడికించినా వేయించినా ఇవి పోవు. తిన్నవాళ్ళకి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, తలనొప్పి రావచ్చు. ఒళ్ళు చిన్నది కాబట్టి పిల్లలకి తక్కువ మోతాదే ఎక్కువవుతుంది. సంతలో ఎండలో పోసి అమ్మే లేత దుంపలు, కొట్లో రోజంతా ట్యూబులైటు కింద ఉండే దుంపలు పచ్చబడలేదని చూసుకుని కొనండి. అక్కడక్కడ కాస్త పచ్చ మరకే ఉంటే ఆ చోటు తొక్కతోపాటు లోతుగా చెక్కేయండి. సగం దుంప పచ్చబడితే పారేయండి. వండాక చేదుగా అనిపించినా, గొంతు మండినా ఆ కూర ఎవరికీ పెట్టొద్దు. అన్నం పారేయకూడదన్న మన పెంపకం మంచిదే, ఈ ఒక్క చోట అది పనికిరాదు.

మొలకలకీ ఇదే సూత్రం. మొలకల్లో, వాటి కన్నుల చుట్టూ ఈ విషం ఎక్కువగా చేరుతుంది. దుంప గట్టిగానే ఉండి చిన్న మొనలు వచ్చి ఉంటే, కన్నుతో సహా గుంటలా తీసేసి వండుకోవచ్చు. పొడవాటి మొలకలొచ్చి, దుంప ముడతలు పడి మెత్తగా ఉంటే, అందులో పిండి, మాంసకృత్తులు కొంత మొలక తినేసినట్టే. దాన్ని వదిలేయండి.

ఇక బెంగాల్ దుంప. అక్కడ పంట ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. కోల్డ్ స్టోరేజిలో పెట్టి నవంబరు దాకా తీస్తూ ఉంటారు. ఒడిశా అంతా చాలావరకు వాటి మీదే ఆధారం. 2024లో బెంగాల్ ప్రభుత్వం బయటి రాష్ట్రాలకి పంపడం ఆపినప్పుడు ఇక్కడ ధరలు ఎలా ఎగిరాయో మీకు గుర్తుండే ఉంటుంది. దసరాకి మీ బజార్లో పక్కపక్కన రెండు కుప్పలుంటే, కొండ దుంప వయసు రెండు వారాలు, బెంగాల్ దుంప వయసు ఏడు నెలలు. ఏడు నెలలు రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో ఉంది. ఆ చలిలో దుంప తన పిండిని విరిచి చక్కెరగా మార్చుకుంటుంది. మామూలుగా అర శాతం, ఒక శాతం ఉండే చక్కెర రెండు శాతం దాకా పోవచ్చు. మీకు తగిలిన తీపి అదే. వేడి నూనెలో ఆ చక్కెర, దుంపలోని అమైనో ఆమ్లాలు కలిసి ముక్క నల్లబడుతుంది. రంగుతోపాటు ఆక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం కూడా తయారవుతుంది. వేయించిన, కాల్చిన తిండిలో అది ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అందుకని ఆ దుంపని ఉడికించే వంటలకి వాడండి. కుర్మా, ఆలూదమ్, సాంబారు ఏదైనా సరే. వేపుడే కావాలంటే కొన్న దుంపల్ని రెండు మూడు వారాలు ఇంట్లో చీకటిలో ఉంచండి, చక్కెర కొంత తిరిగి పిండిగా మారుతుంది. అంత ఓపిక లేకపోతే తరిగిన ముక్కల్ని అరగంట నీళ్ళలో ఉంచి, వార్చి, తుడిచి వేయించండి. ఇక్కడ విటమిన్ సి పోయినా పోనివ్వండి. బంగారు రంగు రాగానే దించేయండి, ఎర్రగా మాడనివ్వొద్దు. ఇందుకే పచ్చి దుంపని ఫ్రిజ్‌లో పెట్టొద్దని కూడా చెప్తున్నాను. అది ఇంట్లో ఉన్న చిన్న కోల్డ్ స్టోరేజే.

మామగారి సంగతికి వస్తే, నాలుకకి తీపి తగిలిందని దుంపలోకి కొత్త పిండిపదార్థం వచ్చి చేరలేదు. ఉన్న పిండిలోదే కొంత చక్కెర అయింది. కలిపి చూస్తే రెంటిలోనూ వంద గ్రాములకి సుమారు పదిహేడు గ్రాములే. కాబట్టి తియ్యటి దుంపా, చప్పటి దుంపా అని కాకుండా ఎంత పెడుతున్నారో చూడండి. మన ఇళ్ళల్లో జరిగే పొరపాటు, దుంపని కూర కింద లెక్కేసి, కంచంలో అన్నం ఎప్పటంతా పెట్టడం. షుగర్ ఉన్నవాళ్ళకి దుంప కూర అన్నంలో భాగమే. ఒక మధ్యరకం దుంప వడ్డిస్తే, ఇంచుమించు ఒక చిన్న కప్పు అన్నం తగ్గించండి, పక్కన ఆకుకూరో బీరకాయో పెంచండి. ఉడికించి చల్లార్చిన దుంపలో పిండి కొంత తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. పఖాళలోకి (నీళ్ళు పోసిన చద్దన్నం) చల్లటి ఆలూ చకటా నంజుకునే అలవాటు ఆ లెక్కన మంచిదే. దాని బలం చూసుకుని రెండో ముద్ద కలపొద్దు, ఆ తేడా కొద్దిదే. కిడ్నీలు చూపించుకున్నప్పుడు పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం, ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి పెట్టాలి. మందుల మోతాదు గురించి డాక్టరునే అడగండి.

బాబు విషయంలో నాకేమీ కంగారు లేదు. దుంప మంచి తిండే. ఒక్క దుంపే తింటేనే ఇబ్బంది. చకటాలో ఉడికించిన గుడ్డో, మెత్తగా నూరిన పెసరపప్పో కలిపి చూడండి, మాంసకృత్తుల లోటు తీరుతుంది. ఆరేళ్ళ పిల్లాడు దుంప రుచి ఉన్నంతసేపు పక్కన ఏం కలిసిందో అంతగా పట్టించుకోడు.

విత్తనం ప్రశ్నకి జవాబు: వద్దు. వాన ఎక్కువ పడే ఆ నేలల్లో బాక్టీరియా వడలు తెగులు ఉంటుంది. దుంప బయటికి బాగానే కనబడుతుంది, విత్తనంతోపాటు మడి మడికీ పాకుతుంది. మీ దగ్గరున్న దుంప ఒకటి అడ్డంగా కోసి చూడండి. తొక్కకి కొద్దిగా లోపల గోధుమరంగు వలయం కనబడి, నొక్కితే ఆ వలయం నుంచి తెల్లటి జిగురు ఊరితే అదే ఆ తెగులు. అలాంటిది ఒక్కటి కనబడినా ఏ మడిలోదో ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పండి. వచ్చే వానాకాలం ఆ మడిలో దుంప, వంగ, టమాటా, మిరప వేయకుండా చోళ్ళో (రాగులే) మొక్కజొన్నో వేయమనండి. మిగతా మడులకి ప్రభుత్వ వ్యవసాయశాఖ ద్వారా వచ్చే ధ్రువీకరించిన విత్తన దుంప అడిగి తెచ్చుకోమనండి.